బొమ్మైపోయిన అక్షరం

కోల్‌కతా కాలేజీల్లో టైమ్‌టేబుల్‌ను ‘రొటీన్’ అంటారు. పరీక్షల రొటీన్ ఎలా తయారవుతుందో తెలిసిందే. ఆఫీసులో ఒకాయన కంప్యూటర్‌లో టైపు చేస్తాడు, ప్రింటు తీస్తాడు. పై అధికారి సంతకం పెడతారు, పక్కన రబ్బరు స్టాంపు పడుతుంది. ఆ కాగితాన్ని స్కాన్ చేసి, పీడీఎఫ్‌గా మార్చి, వెబ్‌సైట్‌లో పెడతారు. విశాఖలోనైనా వరంగల్‌లోనైనా జరిగే తంతు ఇదే. కాగితం కాస్త వంకరగా పడిందనో, అంచున స్టేప్లర్ పిన్ను నీడ కనిపిస్తోందనో తప్ప, చూపున్నవాళ్లకు ఆ ఫైల్లో తప్పేమీ కనబడదు. చూపులేని విద్యార్థి అదే ఫైలును, తెర మీది పాఠాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో తెరిస్తే మాత్రం, ఈ పత్రం ఖాళీగా ఉందనే హెచ్చరిక వినబడుతుంది. కొన్నిసార్లు అది కూడా వినబడదు.

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. కంప్యూటర్ లెక్క ప్రకారం ఆ పేజీలో ఒక్క అక్షరమూ లేదు. యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. మన ‘క’ సంఖ్య 3093, బెంగాలీ ‘క’ సంఖ్య 2453. తెర మీద కనిపించే ఆకారాన్ని ఆ సంఖ్యను బట్టే గీస్తారు. దాన్ని బట్టే గొంతు పలుకుతుంది, బ్రెయిలీ చుక్కలు లేస్తాయి, వెతికితే పదం దొరుకుతుంది. స్కాన్ చేసిన పేజీలో ఈ సంఖ్యలేవీ ఉండవు. ఏ4 కాగితాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే దాదాపు 87 లక్షల చుక్కలొస్తాయి. కొన్ని నల్లనివి, ఎక్కువ తెల్లనివి. అక్కడున్నది అక్షరం కాదు, అక్షరానికి తీసిన ఫొటో.

ఫొటోలోంచి అక్షరాన్ని తిరిగి రాబట్టే విద్యలో, అంటే ఓసీఆర్‌లో, కోల్‌కతాది పెద్ద చెయ్యి. బీటీ రోడ్డు మీద, బరానగర్‌లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో స్థాపించినది, మన సి.ఆర్. రావు గారు దశాబ్దాల తరబడి పనిచేసిన చోటు. అక్కడ బిద్యుత్ బరన్ చౌధురి, ఉమాపద పాల్ కలిసి అచ్చు బెంగాలీని చదివే పూర్తి ఓసీఆర్ వ్యవస్థను తయారుచేసి, 1998లో ‘ప్యాటర్న్ రికగ్నిషన్’ పత్రికలో ప్రకటించారు. భారత ఉపఖండపు లిపులన్నిటిలో ఇదే మొదటి ఓసీఆర్ వ్యవస్థ అని వాళ్లు అందులో రాసుకున్నారు.

వాళ్లకు ఎదురైన మొదటి చిక్కు బెంగాలీ చూసినవాళ్లెవరికైనా ఊహకందుతుంది. అక్షరాలన్నీ తల మీది ఒకే గీతకు వేలాడుతుంటాయి. ఆ గీతను వాళ్లు మాత్ర అంటారు. దానివల్ల పదమంతా ఒకే నల్లటి ముద్దగా ఉంటుంది. ఏ అక్షరం ఎక్కడ ముగిసిందో యంత్రానికి తెలియదు. చౌధురి, పాల్ ఆ గీతనే ఆధారం చేసుకున్నారు. వరసలో నల్ల చుక్కలు ఎక్కువగా ఎక్కడున్నాయో లెక్కిస్తే గీత దొరుకుతుంది. అది దొరికితే పదాన్ని పై భాగం, మధ్య భాగం, కింది భాగం అని మూడుగా విడగొట్టవచ్చు. గీతను చెరిపేస్తే అక్షరాలు విడివడతాయి. బెంగాలీలో సంయుక్తాక్షరాలతో కలిపి సుమారు 300 ఆకారాలు ఉన్నా, వాటిలో దాదాపు 75 మాత్రమే పాఠంలో 96 శాతాన్ని నింపేస్తాయని వాళ్ల లెక్కలో తేలింది. అందుకే ఆ 75ని ఒక పద్ధతిలో త్వరగా తేల్చేసి, మిగతావాటి మీద ఎక్కువ శ్రమ పెట్టారు.

తెలుగుకు ఆ తలగీత లేదు. మన చిక్కు వేరు: కింద వత్తులు, పైన గుడులు, పక్కన కొమ్ములు. ‘ప’లో తలకట్టు కూడా ఒంటికి అంటకుండా విడిగా నిలబడుతుంది. 1977లోనే రాజశేఖరన్, దీక్షితులు అచ్చు తెలుగు అక్షరాలను గుర్తించే పద్ధతి మీద పరిశోధన పత్రం ప్రచురించారు. ఆ దీక్షితులు గారే తర్వాత హైదరాబాద్‌లో నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీకి డైరెక్టర్ అయ్యారు. 2001లో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అతుల్ నేగి, చక్రవర్తి భగవతి బృందం అసలు అక్షరాలను వేరుచేసే పనే పెట్టుకోలేదు. ఎక్కడికక్కడ అతుక్కుని ఉన్న నల్లటి ముక్కలను విడివిడిగా తీసుకుని, అలాంటి ఆకారాలు సుమారు 370 ఉన్నాయని లెక్కతేల్చి, వాటితో పోల్చి చూశారు.

ఇక బెంగాలీ ఓసీఆర్ ఎంత కచ్చితంగా చదివింది? ఒకే ఫాంటులో ఉన్న శుభ్రమైన పేజీల మీద అక్షరాల లెక్కన 99.1 శాతం. వినడానికి నూటికి నూరులాగే ఉంది. అదే ఫలితం పదాల లెక్కన 95.5 శాతమే. పేజీకి 300 పదాలనుకుంటే, అందులో 13, 14 పదాలు తప్పు. కథల పుస్తకమైతే సర్దుకుపోవచ్చు. రసాయనశాస్త్రం నోట్సులోనో న్యాయశాస్త్రం సెక్షన్ల నంబర్లలోనో పేజీకి పదమూడు తప్పులుంటే దాన్ని నమ్మి పరీక్ష రాయగలమా? ఆ తర్వాతి పాతికేళ్లలో ఓసీఆర్ బాగా మెరుగైంది. ఉచితంగా దొరికే టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ తెలుగునూ బెంగాలీనీ చదువుతుంది. అయినా జిరాక్సుకు జిరాక్సు తీసిన పేజీ, మార్జిన్‌లో పెన్ను రాతలు, పుస్తకం నడుమ వంపులో మునిగిన పదాలు ఎదురైతే తడబాటు తప్పదు. కాలేజీల్లో చేతులు మారే నోట్సు ఎక్కువభాగం ఆ బాపతే.

పాత పుస్తకాలకు ఓసీఆర్ తప్ప దారి లేదు. నిన్న టైపు చేసిన నోటీసుకు మాత్రం ఓసీఆర్ అవసరం పడటమే విడ్డూరం. అక్షరాలు కంప్యూటర్‌లోనే పుట్టాయి. వాటి సంఖ్యలన్నీ ఫైల్లో భద్రంగా ఉన్నాయి. ప్రింటరుకూ స్కానరుకూ మధ్య వాటిని పారబోసి, పరిశోధకులు ఏళ్ల తరబడి చెమటోడ్చి కనిపెట్టిన పద్ధతితో మళ్లీ ఏరుకుంటున్నాం, అదీ పేజీకి పదమూడు తప్పులతో. సంతకం కోసం కదా అంటారేమో. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం డిజిటల్ సంతకానికి ఎప్పుడో చెల్లుబాటు ఇచ్చింది. అదీ కుదరకపోతే స్కాన్ చేసిన ప్రతి పక్కనే, టైపు చేసిన ఫైలును కూడా నేరుగా పీడీఎఫ్‌గా మార్చి పెట్టవచ్చు. దానికి పట్టేది అర నిమిషం.

ఇంతకంటే తెలివిగా కనిపించకుండా దాగే లోపం ఒకటుంది. తెలుగులో డీటీపీ పని చూసినవాళ్లెవరికీ అను ఫాంట్ల గురించి చెప్పనక్కర్లేదు. పేజ్‌మేకర్‌లో అను ఫాంటుతో కంపోజ్ చేసిన పాఠం కంటికి ముచ్చటగా ఉంటుంది, మౌస్‌తో పట్టుకుంటే పదాలు ఎంపిక కూడా అవుతాయి. లోపల చూస్తే అవి తెలుగు సంఖ్యలు కావు. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చోబెట్టారు. ఆ పేరాను కాపీ చేసి ఈమెయిల్‌లో అతికించి చూడండి: రోమన్ అక్షరాలు, వింత గుర్తులు, కామాలు కలగాపులగంగా పడతాయి. స్క్రీన్ రీడర్ చదివేదీ ఆ గందరగోళాన్నే. బెంగాలీలోనూ ఇలాంటి సొంత ఫాంట్లు ఏళ్లపాటు రాజ్యమేలాయి. తెలుగు, బెంగాలీ రెండూ 1991లోనే యూనికోడ్‌లో ఉన్నా, పాఠ్యపుస్తకాలు, గైడ్లు, దూరవిద్య పుస్తకాలు చాలాకాలం ఆ సొంత ఫాంట్లతోనే తయారయ్యాయి. యూనికోడ్‌లో టైపు చేసినా గండం పూర్తిగా గడిచినట్టు కాదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు పీడీఎఫ్ చేసేటప్పుడు వత్తుల వరసను తారుమారు చేస్తాయి. చూస్తే సరిగ్గానే ఉంటుంది, చదివిస్తే నత్తిగా వినబడుతుంది. పంపించే ముందు ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూసుకుంటే ఆ దొంగ దొరికిపోతాడు.

అక్షరం చేతిలో ఉంటే ఎన్ని దారులు తెరుచుకుంటాయో కూడా కోల్‌కతాయే చూపించింది. లాల్ బిహారీ షా 1897లో కలకత్తా బ్లైండ్ స్కూల్ స్థాపించి, బెంగాలీకి బ్రెయిలీ రూపమిచ్చాడు. అప్పట్లో ఒక్కొక్క ప్రాంతానిదీ ఒక్కో బ్రెయిలీ. 1951లో భారతి బ్రెయిలీ వచ్చాక ఆ గోల తీరింది: తెలుగు ‘క’కూ బెంగాలీ ‘క’కూ హిందీ ‘క’కూ అవే చుక్కలు. ఆరు చుక్కలతో వీలయ్యే గుర్తులు 63 మాత్రమే కాబట్టి లిపి కాకుండా ధ్వనినే ఆధారం చేసుకున్నారు. దానివల్ల ఒక భాషకు రాసిన బ్రెయిలీ సాఫ్ట్‌వేర్‌ను మరో భాషకు మార్చుకోవడం తేలికైంది. కోల్‌కతాలోని వెబెల్ మీడియాట్రానిక్స్ అనే ప్రభుత్వ సంస్థ బ్రెయిలీ అచ్చు పరికరాల మీద, మామూలు పాఠాన్ని బ్రెయిలీలోకి మార్చే సాఫ్ట్‌వేర్ మీద పనిచేసింది.

కోల్‌కతాకు 120 కిలోమీటర్ల దూరాన ఖరగ్‌పూర్ ఉంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి తెలుగువాళ్లు స్థిరపడ్డ రైల్వే పట్నం. అక్కడి ఐఐటీలో అనుపమ్ బసు బృందం ‘శ్రుతి’ అనే వాచక యంత్రాన్ని బెంగాలీ, హిందీల కోసం తయారుచేసింది. బ్రెయిలీని కూడా జోడించిన రూపానికి ‘శ్రుతి దృష్టి’ అని పేరు. బెంగాలీని పలికించడం తెలుగును పలికించినంత సులువు కాదు. మనం రాసినట్టే పలుకుతాం. వాళ్లు ‘కమల’ అని రాసి పలికేటప్పుడు మొదటి అకారాన్ని ఒకలా, రెండోదాన్ని ఓకారంలా పలికి, మూడోదాన్ని మింగేస్తారు. రాతలో ఈ మూడింటికీ తేడా చూపించే గుర్తేదీ లేదు. ఎక్కడ ఏ అకారం ఏమవుతుందో నియమాలు పోగుచేసి యంత్రానికి నేర్పాలి. మాట, కదలిక రెండూ కష్టమైన పిల్లలు బొమ్మలు ఎంచుకుంటే వాటిని వాక్యంగా మార్చి పలికే ‘సంయోగ్’ కూడా ఈ బృందం పనే. కోల్‌కతాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సెరిబ్రల్ పాల్సీ అందులో తోడుంది.

ఇప్పుడు చాలామంది విద్యార్థులకు ఆసరా ఎన్‌వీడీఏ. ఆస్ట్రేలియాలో ఇద్దరు చూపులేని కుర్రాళ్లు, మైకేల్ కరన్, జేమ్స్ తే, కలిసి కట్టిన ఉచిత స్క్రీన్ రీడర్ అది. పని 2006లో మొదలైంది. అప్పటిదాకా దొరికే స్క్రీన్ రీడర్ల ధర కొత్త కంప్యూటర్ ధరతో పోటీపడేది. ఎన్‌వీడీఏతో తెలుగూ బెంగాలీ రెండూ వినవచ్చు. గొంతు ఇనుప రేకు మీద గీసినట్టుంటుంది కానీ, అలవాటైనవాళ్లు దాన్ని మనం అందుకోలేని వేగంతో వింటారు.

దాంతో యూనివర్సిటీ వెబ్‌సైట్ ఎలా చూస్తారో చెప్పుకోవాలి. మౌస్ ఉండదు, అంతా కీబోర్డే. హెచ్ నొక్కితే తర్వాతి శీర్షికకు, కె నొక్కితే తర్వాతి లింకుకు, టి నొక్కితే పట్టికకు వెళ్లిపోవచ్చు. ఇదంతా పేజీ కట్టినవాళ్లు శీర్షికను శీర్షికని కోడ్‌లో చెబితేనే. చాలా పేజీల్లో శీర్షిక అంటే లావు అక్షరాలు, అంతే. కంటికి శీర్షిక, కోడ్‌కు మామూలు పేరా. హెచ్ ఎన్నిసార్లు నొక్కినా ‘ఇక శీర్షికలు లేవు’ అనే జవాబే. పోనీ లింకులు చూద్దామంటే ‘ఇక్కడ క్లిక్ చేయండి’, ‘ఇక్కడ క్లిక్ చేయండి’, ‘ఇక్కడ క్లిక్ చేయండి’ అంటూ సాగుతుంది. ఏది సిలబస్సో ఏది హాస్టల్ ఫీజో అన్నీ తెరిస్తే గానీ తెలియదు. ఫొటోకు వివరణ రాయకపోతే కెమెరా పెట్టిన ఫైలు పేరు, అంకెలతో సహా, చదివి వినిపిస్తుంది. పేజీ ఏ భాషలో ఉందో కోడ్‌లో రెండక్షరాల గుర్తుతో ప్రకటించాలి. అది లేకపోతే బెంగాలీ పేరాను ఇంగ్లిష్ గొంతు చదవబోయి చతికిలపడుతుంది. ఇంగ్లిష్, బెంగాలీ ఒకే పేజీలో కలిసి నడిచే కోల్‌కతాలో ఇది రోజూ ఉండే బెడద. ఇవన్నీ దాటి ఫారం నింపాక, వంకర టింకర అంకెల క్యాప్చా అడ్డు నిలబడుతుంది. మనిషివేనా అని మనిషినే అడిగి, చూపున్నవాడినే మనిషిగా ఒప్పుకునే కాపలా అది.

చూపు పూర్తిగా లేనివాళ్ల సంగతి మాత్రమే కాదిది. తెల్లటి పేజీ మీద లేత బూడిద అక్షరాలు ఇప్పుడు ఫ్యాషన్. మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కు 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. తెలుపు మీద నలుపుకు అది 21. డిజైనర్లు ఇష్టంగా వాడే ఒకానొక బూడిద రంగు 4.48 దగ్గర ఆగిపోయి వెంట్రుకవాసిలో తప్పుతుంది. మసకచూపు ఉన్న విద్యార్థికి, ఎండలో ఫోన్ పట్టుకుని బస్సు కోసం నిలబడ్డ ఎవరికైనా ఆ తేడా తెలుస్తుంది. వెబ్‌ఎయిమ్ అనే అమెరికా సంస్థ 2024లో పది లక్షల హోమ్ పేజీలను యంత్రంతో పరీక్షిస్తే 95.9 శాతంలో తప్పులు దొరికాయి. అన్నిటికంటే ఎక్కువగా కనబడింది ఈ లేత రంగు జబ్బే. అంటే కోల్‌కతా ఒక్కటే వెనకబడలేదు, లోకమంతా ఇదే వరస.

మన వెబ్‌సైట్లు చాలావాటిలో పైన ఒక మూలన ‘ఎ ప్లస్’, ‘ఎ మైనస్’ బొత్తాలు కనిపిస్తాయి. అక్షరాలను పెంచే పని ఏ బ్రౌజరైనా ఎప్పటి నుంచో చేస్తోంది. ఆ బొత్తాలకు అంతకుమించి చేతకాదు. కింద వేలాడే స్కాన్ పీడీఎఫ్‌లను అవి తాకనైనా తాకవు. వెబ్‌సైట్‌కు ఒక్క ముక్క కోడ్ తగిలిస్తే అంతా సరైపోతుందని అమ్మే కంపెనీలూ ఉన్నాయి. అలాంటి మాట చెప్పిన యాక్సెసిబీ అనే కంపెనీని పది లక్షల డాలర్లు కట్టమని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో ఆదేశించింది.

చట్టానికి మనకు కొదవలేదు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, వికలాంగులు చదువుకోగల రూపంలోకి పుస్తకాన్ని మార్చుకోవడానికి ప్రచురణకర్త అనుమతి అక్కర్లేదన్నారు. అదే పనికి పుట్టిన అంతర్జాతీయ మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించింది భారతదేశమే. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఏడు రకాల వైకల్యాల జాబితాను 21కి పెంచి, ఎలక్ట్రానిక్ సమాచారం అందరికీ అందాలని రాసింది. 2022లో యూజీసీ ఉన్నత విద్యాసంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఇన్ని ఉన్నా పని జరగకపోవడానికి ఒక కారణాన్ని మన హైదరాబాదే బయటపెట్టింది. రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు అడగగా నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రం నివేదిక తయారుచేసింది. చట్టం ‘తప్పనిసరి’ అంటుంటే దాని కింద రాసిన నియమం సలహాలు, సూచనలతో సరిపెడుతోందన్నది అందులోని కీలకం. 2024 నవంబర్ 8న కోర్టు ఆ నియమాన్ని, 15(1)ని, చట్టానికి విరుద్ధమని కొట్టేసి, తప్పనిసరి నియమాలు రాయమంది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో, కళ్లు ఆర్పమని అడిగే కేవైసీ మీద తీర్పిస్తూ, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది.

చట్టం గట్టిగా పట్టుకున్నచోట ఏం జరిగిందో కూడా చూడాలి. అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయం ఇరవై వేలకు పైగా పాఠాల వీడియోలను, ఆడియోలను ప్రపంచానికి ఉచితంగా ఇచ్చింది. చాలావాటికి సరైన క్యాప్షన్లు లేవు. చెవులు వినబడనివాళ్ల ఫిర్యాదు మీద న్యాయశాఖ 2016లో తప్పుపట్టింది. సరిచేసే ఖర్చు భరించలేమంటూ 2017లో వాటిని జనానికి అందకుండా తీసేశారు. నాకు మాత్రం అది ఉడుకుమోత్తనంలా కనిపిస్తుంది. పాఠం రికార్డు చేసిన వారంలో క్యాప్షన్ రాయడానికి కొన్ని గంటలు చాలు, ఇరవై వేలు పేరుకున్నాక మొదలుపెడితే అది కోట్ల లెక్క. ఐఐటీల ఎన్‌పీటెల్ పాఠాలకు రాత ప్రతులు, తెలుగు, బెంగాలీ సహా భారతీయ భాషల్లో సబ్‌టైటిళ్లు తయారుచేస్తున్నారు కాబట్టి పని అసాధ్యమేమీ కాదు.

అన్నిటికంటే కొరుకుడుపడనివి లెక్కలు. ‘ఎ ప్లస్ బి బై సి’ అని వినిపిస్తే, సి కింద ఉన్నది బి ఒక్కటేనా, ఎ ప్లస్ బి మొత్తమా? పేజీలో గీత పొడవు చూస్తే తెలిసిపోతుంది, చెవికి ఆ గీత లేదు. పుణెలో పుట్టి, పద్నాలుగో ఏట చూపు పోయిన టి.వి. రామన్ 1994లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో తన పీహెచ్‌డీగా ఆస్టర్ అనే వ్యవస్థను కట్టాడు. అందులో ఘాతాంకం వస్తే గొంతు స్థాయి పైకి లేస్తుంది. సమీకరణం ఆకారం స్వరంలో తెలుస్తుంది. 1998లో గణితాన్ని వెబ్‌లో అర్థంతో సహా రాసే మ్యాథ్‌ఎంఎల్ వచ్చింది. సమీకరణాన్ని బొమ్మగా అతికించకుండా అందులో రాస్తే, స్క్రీన్ రీడర్ భిన్నం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెబుతుంది, లోపలికి వెళ్లి ముక్కముక్కగా చూడనిస్తుంది. మచిలీపట్నం దగ్గరి సీతారామపురం కుర్రాడు బొల్లా శ్రీకాంత్‌కు చూపులేదని ఇంటర్మీడియట్‌లో సైన్సు ఇవ్వనని విద్యా బోర్డు అంటే కోర్టుకు వెళ్లి సాధించుకోవాల్సి వచ్చింది. అదే కుర్రాడు తర్వాత ఎంఐటీలో చదివి వచ్చాడు. సైన్సు అతనికి చేతకాదని బోర్డు అనుకుంది. చేతకానిది పుస్తకానికి.

వీడియో పాఠంలో ఏ సాఫ్ట్‌వేరూ పూరించలేని ఖాళీ ఇంకొకటుంది. మాస్టారు బోర్డు వైపు తిరిగి ‘దీన్ని ఇటు తెచ్చి, ఇది కొట్టేస్తే, ఇదిగో ఇంత వస్తుంది’ అంటారు. క్యాప్షన్ దాన్ని పొల్లుపోకుండా రాస్తుంది, స్క్రీన్ రీడర్ అక్షరం తప్పకుండా చదువుతుంది. ఏది ఎటు వెళ్లిందో మాత్రం తెలియదు. ‘రెండు ఎక్స్‌ను కుడివైపుకు తెచ్చి, రెండు వైపులా మూడు కొట్టేస్తే’ అంటే చాలు. అదే రికార్డింగు, అదే నిడివి.